అలుపు ఇటివ్వు

మైదానం పక్క గదిలో మాలిష్ చేసే తాతకి ఒక అలవాటు ఉండేది. పరిగెత్తి వచ్చినవాళ్ల కాలు ఒళ్లో పెట్టుకుని, పిక్క మీద బొటనవేలు నొక్కి, "అలుపు ఇటివ్వు" అనేవాడు. వేలి కింద కండ సన్నగా వణికేది. ఆ వణుకుని బట్టి ఆ కాలు ఇంకెన్ని చుట్లకి పనికొస్తుందో చెప్పేవాడు. ఆ మాటకి ఎవరూ బదులిచ్చేవారు కాదు.

మనవరాలు ఇచ్చింది. పుల్లల్లాంటి కాళ్లు ఉన్నాయని అందరూ దాన్ని పిచ్చుక అంటారు. ఓ మధ్యాహ్నం ఆయన పిక్క నొక్కుతుంటే విసుగ్గా, "అంతా నువ్వే ఉంచుకో తాతా, నాకొద్దు" అంది.

మర్నాడు ఇరవై చుట్లు తిరిగొచ్చింది. తాత నొక్కాడు. వణుకు లేదు. పిక్క చల్లగా, అప్పుడే నిద్రలేచినట్టుంది. బల్ల కింద ఆయన పిక్కలు మాత్రం గిలగిల కొట్టుకుంటున్నాయి.

"వెనక్కి తీసుకోవే. అలుపంటే కండ పెట్టే కేక. అది వినపడకపోతే ఎముక విరిగేదాకా కాలు ఆగదు."

"ఎల్లుండి ఎంపిక పరుగు తాతా! అదయ్యాక ఇద్దువుగానిలే. రెండ్రోజులు మొయ్యలేవా, అంత ముసలాడివయ్యావా?"

ఎంపిక పరుగులో పిచ్చుకే మొదట వచ్చింది. గీత దాటింది. ఆగలేదు.

"అయిపోయిందే తల్లీ, ఆగు!" కోచ్ నవ్వుతూ అరిచాడు. మూడో చుట్టుకి ఆయన నవ్వు పోయింది.

ట్రాక్ పక్క కమ్మీ పట్టుకుని వేలాడుతున్న తాత ముందు నుంచి వెళ్తూ, "ఆగట్లేదు తాతా! ఇచ్చెయ్!" అని ఏడ్చింది.

"తీసుకోవే!" అన్నాడు. ఏమీ కాలేదు. వేలు పడకుండా మాట పనిచేయదని అప్పుడు తట్టింది. ఆ చుట్ల అలుపంతా ఆయన కాళ్లలోనే ఉంది. పాక్కుంటూ ట్రాక్ మీదికి చేరి, అడ్డంగా పడుకున్నాడు. పిచ్చుక తగిలి పడింది. పడ్డా కాళ్లు గాలిలో పరిగెడుతూనే ఉన్నాయి. తాత దాని పిక్క దొరకబుచ్చుకుని నొక్కాడు.

"అంతా తీసుకో! నా దగ్గరేం ఉంచకు!"

వేలి కింద కండ వణికింది. కాళ్లు ఆగాయి. తాత ప్రాణం కుదుటపడింది. పిచ్చుక మాత్రం ముసలమ్మలా మూలిగింది. "ఇంత బరువేంటి తాతా? ఇది నా ఒక్కదానిదే కాదు."

తాత తన పిక్క తడుముకున్నాడు. చల్లగా ఉంది. వణుకు లేదు. లేద్దామని అనుకోకుండానే లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి తాతా?"

"నాకేం తెలుసే" అన్నాడు, అప్పటికే మలుపు దగ్గరికి వెళ్లిపోతూ.