మీటల పెట్టె

చెక్కను రెండో వైపుకి తిప్పి మళ్ళీ చిత్రిక పట్టసాగాడు పెట్టెలాయన. కూల్చేసిన ఇంటి తలుపులోంచి కోసి తెచ్చుకున్న టేకు ముక్క అది. పైనున్న ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం రంగు, ఎప్పటివాడో ఒక పిల్లాడు మేకుతో గీసిన గీతలు అన్నీ పోయాక అసలు చెక్క బయటపడింది. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి పాదాల మీద పడుతోంది. ఆయన చిత్రిక పక్కన పెట్టి, చెక్కను కంటి దగ్గరికి తెచ్చుకుని, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూశాడు. ఇంకా వెంట్రుకవాసి ఎత్తుంది. ఇంకోసారి పట్టాడు. ఎడమ భుజం సలిపింది. అరవై మూడేళ్ళ భుజానికి సలపడం కాక వేరే పనేముంటుందని దాన్ని పట్టించుకోలేదు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. వీధి వీధంతటికీ ఆయన పెట్టెలాయనే. మంచం చెయ్యమంటే ముఖం ముడుచుకుని చేసేవాడు, కుర్చీ చెయ్యమంటే వచ్చే నెల చూద్దామనేవాడు, పెట్టె అంటే మాత్రం తింటున్న అన్నం వదిలి లేచొచ్చేవాడు. కుట్టుమిషన్లకి మూతలు, రేడియోలకి పెట్టెలు, బంగారం తూచే త్రాసులకి లోపల మఖమలు అంటించిన చిన్న పెట్టెలు, ఫిడేళ్ళకి నడుము దగ్గర సన్నబడే పొడుగు పెట్టెలు. "వస్తువు ఎవడైనా చేస్తాడు. దానికి ఇల్లు కట్టేవాడొకడు ఉండొద్దూ?" అనేవాడు. ఆ వస్తువులన్నీ ఒకదాని వెంట ఒకటి పోయాయి. కొత్తగా వచ్చేవి తమ ప్లాస్టిక్ చొక్కాలు తామే తొడుక్కుని వస్తున్నాయి. ఆరేళ్ళ నుంచి ఊగే కుర్చీలకి కాళ్ళు బిగించడం, బిగిసిపోయిన తలుపుల అడుగు చెక్కడం తప్ప పెట్టె అన్న మాట పనిగదిలో వినబడలేదు.

ఇన్నాళ్ళకి ఒకటి వచ్చింది. అదీ అక్కకి.

అక్క ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నలభై ఏళ్ళు ఒక ఆఫీసులో టైపిస్టుగా పనిచేసింది. ఉద్యోగం అయిపోయాక కూడా ఒక అచ్చాఫీసు వాళ్ళ రాతప్రతులు టైపు చేసి ఇస్తోంది. మొన్నమొన్నటిదాకా పాత టైపు మిషన్ మీదే చేసింది. దాన్ని బాగుచేసే ఆయన పోయాడు, రిబ్బన్లు దొరకడం మానేశాయి, అచ్చాఫీసు వాళ్ళు కాగితాలు వద్దు కంప్యూటర్లో కావాలన్నారు. సరేనని నేర్చుకుంది. కానీ కంప్యూటరుతో వచ్చిన పల్చటి కీబోర్డు మీద ఆమె వేళ్ళు దారి తప్పాయి. "నొక్కామో లేదో కూడా తెలియదే, అప్పడం మీద వేళ్ళు పెట్టినట్టుంది" అని మేనకోడలి దగ్గర మొత్తుకుంది. మేనకోడలంటే పెట్టెలాయన కూతురు. ఆ పిల్ల ఎక్కడో వెతికి ఒక మెకానికల్ కీబోర్డు తెప్పించింది. ఒక్కో మీట కింద ఒక్కో స్ప్రింగు, నొక్కితే టక్కుమంటుంది. అక్క ముఖం వికసించింది, రెండు రోజులు. మూడో రోజు, దాని ప్లాస్టిక్ డొప్ప తేలికై నొక్కినప్పుడల్లా బల్ల మీద జరుగుతోందనీ, చప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుందనీ అంది. కీబోర్డులకి చెక్క పెట్టెలు చేయించుకునేవాళ్ళు ఉన్నారని కూతురు చెప్పగానే పెట్టెలాయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"సాయంత్రానికి అయిపోతుందా నాన్నా?" ఆఫీసుకి బయలుదేరుతూ గుమ్మంలోంచి అడిగింది కూతురు.

"అయిపోతుంది. మధ్యాహ్నమే మీ అత్త చేతిలో పెట్టేస్తాను."

"చూస్తూ ఉండు, ఈసారి అత్త మెచ్చుకుంటుంది."

"మీ అత్తా? దేవుడు ప్రత్యక్షమైనా, సరే అక్కడ కూచో అనే రకం."

నవ్వుతూనే అన్నాడుగానీ, ఉన్న సంగతే అది. అమ్మానాన్నలు ఏడాది తేడాలో పోతే, పద్దెనిమిదేళ్ళకే ఉద్యోగంలో చేరి తమ్ముణ్ణి పెంచింది అక్క. తమ్ముడు తనలాగే ఫ్యాను కింద కూర్చుని, తెల్లచొక్కా నలక్కుండా ఇంటికి రావాలని ఆమె ఆశ. టైపు నేర్పించింది. వాడు రెండు వేళ్ళతో, కోడి గింజలేరినట్టు ఏరాడు. పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి సగం పేజీ బాగానే కొట్టాడు కూడా. అప్పుడు బల్ల ఊగుతోందని తెలిసింది. కాలు పొట్టిది. ఇక వాడికి మీటలు కనబడలేదు. ప్రశ్నపత్రం నాలుగు మడతలు పెట్టి, బల్ల కిందికి దూరి, కాలి కింద సర్దాడు. పక్క బల్ల కూడా ఊగుతోందని చూసి దాని కిందికీ దూరాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అంటూ పరీక్ష పెట్టే ఆయన కాలర్ పట్టుకుని బయటికి నెట్టాడు.

అక్క నాలుగు నెలలు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది, తర్వాత పెళ్ళి చేసింది, మరదలు పోతే మేనకోడల్ని తనే పెంచింది. ఆయన పని గురించి మాత్రం మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. తన టైపు మిషనుకి ఆయన చేసిచ్చిన మొట్టమొదటి పెట్టెని అటూ ఇటూ చూసి, "సరే, అక్కడ పెట్టు" అంది. ఆ తర్వాత చేసిన అలమారకీ అదే మాట, బల్లకీ అదే మాట. ఊళ్ళో వాళ్ళు ఎంత మెచ్చుకున్నా పెట్టెలాయనకి కడుపు నిండలేదు. ఆ ఒక్క నోటి నుంచి "బాగుందిరా" అన్న ముక్క ఒక్కసారి వినాలి. అరవై దాటినవాడికి ఈ కోరికేమిటని సిగ్గుపడేవాడు, కోరిక మాత్రం సిగ్గుపడేది కాదు.

పన్నెండు గంటలకల్లా పెట్టె తయారైంది. నాలుగు మూలల్లో పళ్ళు కోసి ఒకదానిలో ఒకటి దిగ్గొట్టాడు. కీబోర్డు ప్లాస్టిక్ ఊడదీసి, మీటలున్న పలకని లోపల కూర్చోబెట్టి, అడుగు చెక్కని మరలతో బిగించాడు. వెనక తీగ రావడానికి కన్నం తొలిచాడు. ముందు అంచున అరచేతులు ఆనడానికి నున్నటి గట్టు తీశాడు. కొలతల కోసం టేపు ముట్టుకోలేదు. అక్క ఎత్తు ఆయనకి నోటికొచ్చిన ఎక్కం. చిన్నప్పుడు మధ్యాహ్నం అన్నం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, ఆమె బల్ల అంచుకి గడ్డం ఆనించి నిలబడేవాడు. కంటికి సూటిగా ఆమె మణికట్లు కనబడేవి. నిటారైన వీపు, వదులుగా వేలాడే మోచేతులు, మెట్లుమెట్లుగా వెనక్కి లేచే మీటల మీద పరిగెత్తే వేళ్ళు. ఆ ఎత్తుకే వెనక వైపు లేపి కట్టాడు.

పద్దెనిమిది మెట్లు ఎక్కి, మేడ మీద అక్క గదిలో పెట్టెను బల్ల మీద పెట్టాడు. అక్క చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. నాలుగు మాటలు కొట్టింది.

"బానే ఉందిలే. శ్రమపడ్డావు" అంది.

పెట్టెలాయనకి ఎక్కడో కలుక్కుమంది. అది పక్కింటివాళ్ళతో అనే మాట. ఆమె వెనక నిలబడి చూశాడు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. మణికట్లు గోడ ఎక్కుతున్న పిల్లిలా పైకి వంగి ఉన్నాయి. ఆయన వంగి, బల్ల అంచు నుంచి ఆమె మోచేతి దాకా వేళ్ళు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నాలుగు వేళ్ళు తేడా.

తను కొలిచింది ఇరవై ఏళ్ళ అక్కని. కుర్చీలో ఉన్నది డెబ్బై రెండేళ్ళ అక్క. వీపు వంగింది, నడుము కుంగింది, మనిషి లోపలికి ముడుచుకుపోయింది. రోజూ చూస్తూనే ఉన్నాడు, ఒక్కరోజూ చూడలేదు. పెట్టెలాయనకి చెప్పలేనంత దుఃఖం వచ్చింది.

"చూస్తావేంట్రా అలా?"

"ఎత్తు ఎక్కువైందక్కా. తగ్గించి తెస్తా."

"అక్కర్లేదులే, అలవాటైపోతుంది."

"నీకెందుకే అలవాటవ్వాలి? దానికవ్వాలి."

కిందికి దిగి పెట్టె అడుగు విప్పాడు. వెనక వైపు రంపంతో కోసి, అంచులు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించేసరికి రెండున్నరైంది. కూతురు డబ్బాలో పెట్టి వెళ్ళిన అన్నం మూత తియ్యలేదు. మెట్ల మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చింది. పెట్టెను మోకాలి మీద ఆనించి, రెండు నిమిషాలు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాడు.

ఈసారి భుజాలు లేవలేదు. అక్క పది వరుసలు కొట్టింది. ఆపి, వేలి కణుపుతో పెట్టె మీద తట్టింది.

"ఏంట్రా ఇది, లోపల డొల్లగా ఉంది? ఖాళీ కడుపు మీద గంజీర వాయించినట్టు. ఇంత చేసినవాడివి ఆ కాస్తా చూసుకోవద్దూ?"

పెట్టెలాయన ముఖం వెలిగిపోయింది. అక్క తిట్టింది. తిట్టిందంటే తనకి కావాల్సిందేదో అడుగుతోందన్నమాట. పరాయివాళ్ళని ఆమె ఎన్నడూ తిట్టలేదు.

"ఆ మందం గుడ్డ ఉందా, మిషను కింద వేసుకునేదానివి?"

అక్క బీరువా అడుగు నుంచి బూడిద రంగు ఉన్నిగుడ్డ తీసింది. నాలుగు చోట్ల మిషను పాదాల గుంటలు ఇంకా ఉన్నాయి. ఈసారి ఆయన కిందికి వెళ్ళలేదు. మెట్లు తలుచుకుంటేనే కాళ్ళు మొరాయించాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, జేబులోని స్క్రూడ్రైవరుతో అడుగు విప్పాడు. గుడ్డని రెండు మడతలు పెట్టి, అక్క కత్తెరతో కత్తిరించి పరిచాడు. అక్క పక్కన కూర్చుని మరలు ఒక్కొక్కటే అందించింది. ఏడో మర ఆమె వేళ్ళలోంచి జారి మంచం కిందికి దొర్లింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ వెతికారు.

"ముసలాళ్ళిద్దరం దొంగల్లా ఏంట్రా ఇది" అని నవ్వింది అక్క. చాలా ఏళ్ళకి ఇద్దరూ కలిసి నవ్వారు. మర ఆయన చెప్పులో దొరికింది.

పెట్టె బల్ల మీదికెక్కింది. అక్క కుర్చీ లాక్కుంది. పెట్టెలాయన ఆమె వెనక గోడ పక్కనున్న ముక్కాలి పీట మీద కూర్చుని తల వెనక్కి ఆనించాడు. అక్క రాతప్రతి మీద చూపు నిలిపి వేళ్ళు కదిపింది.

టక్, టక్, టక టక టక.

చప్పుడు బరువుగా, గుండ్రంగా, లోతుగా వచ్చింది. అది పాత మిషను చప్పుడు కాదు. అయినా దానికి చుట్టమే. కొంచెం సేపటికి వేళ్ళు వాటంతటవే వేగం అందుకున్నాయి. వరుస చివర గంట మోగకపోయినా, అలవాటు కొద్దీ ఆమె ఎడమ చెయ్యి కాగితాన్ని మొదటికి జరిపే పాత మిషను మీటను తొయ్యడానికి ఒకసారి గాలిలోకి లేచి దిగింది. ఒక పేజీ అయింది. రెండో పేజీలో పడింది. మొదలుపెట్టిన పేజీ పూర్తి కాకుండా తల తిప్పడం ఆమెకి ఏనాడూ లేదు. మాట్లాడాలన్నా కాగితం వైపు చూస్తూనే మాట్లాడుతుంది.

"బాగుందిరా" అంది.

వేళ్ళు ఆగలేదు.

"చాలా బాగుంది. ఈ చేతులు మళ్ళీ నావే అన్నట్టుంది. నువ్వు చేసినవన్నీ బాగున్నాయిరా. ఇన్నేళ్ళూ ఈ ముక్క అనడానికి నాకేం అడ్డొచ్చిందో."

వెనక ఉలుకూ పలుకూ లేదు. మాట దొరక్క కూర్చున్నాడనుకుని ఆ పేరా చివరి దాకా కొట్టింది. అప్పటికీ మాట లేదు. అప్పుడు, పేజీ సగంలో ఉండగానే, ఆమె వేళ్ళు ఆగాయి. వెనక్కి తిరిగి చూసింది.

పెట్టెలాయన తల గోడకి ఆని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి.

ఏ క్షణంలో పోయాడో డాక్టరు చెప్పలేకపోయాడు. అరగంట అయుండొచ్చు, అంతకంటే తక్కువే అయుండొచ్చు అన్నాడు. అక్క డాక్టర్ని మూడుసార్లు అడిగింది. వయసు మీద పడ్డ మనిషి, చాదస్తమనుకున్నాడు పాపం. ఆమె అడిగింది ఏ పేజీ దగ్గర, తన మాటకి ముందా తర్వాతా అని.

అక్క ఇప్పటికీ ఆ పెట్టె మీదే టైపు చేస్తుంది. దాని వెనక, తీగ బయటికొచ్చే కన్నం అంచున, ఉప్పుకాగితం పడని ఒక చిన్న పేడు లేచి ఉంది. గుచ్చుకుంటుందని మేనకోడలు ఒకరోజు రుద్దబోతే ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే దుమ్ము తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డ దానికి తట్టుకుంటుంది, ఒక తెల్లటి దారప్పోగు చిక్కుకుని సాయంత్రం దాకా అక్కడే ఊగుతూ ఉంటుంది.