రెండో గుండీ ఎత్తు

చెట్టు లావు ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. మొదలు దగ్గర లావుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో టేపు చుడతారు. మా ఆయనకు ఆ ఎత్తు చొక్కా రెండో గుండీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో కర్రతో సరిచూసుకున్నారట. ఆ తర్వాత కర్ర ముట్టింది లేదు. చొక్కాలన్నీ నా కుట్టే కనక గుండీ చోటు మారేది కాదు. అడవిలో అక్కడక్కడా కొన్ని చెట్లు కొలిచి, మొత్తం నరికితే ఇంత కలప వస్తుందని ఆయన చెబితే డిపోలో దాదాపు అంతే దిగేది.

ఈమధ్య తక్కువ దిగుతోంది. ప్రతిసారీ తక్కువే, ఒక్కసారైనా ఎక్కువ కాదు. ఆయన లెక్క తప్పదని ఆఫీసులో గట్టి నమ్మకం. కలప దారిలోనే మాయమవుతోందన్నారు. నరికించి డిపోకు పంపే మేస్త్రీ మా తమ్ముడు.

వాడు ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

“బావా, రేపు నన్ను తీసేస్తారట. నువ్వొక్క మాట చెప్తే ఆగుతుంది.”

“ఏం చెప్పమంటావురా? నా లెక్క తప్పనా?”

“మరి దుంగలు నేను జేబులో వేసుకుపోయానా?”

“జేబులో పట్టవు. లారీలో పడతాయి.”

వాడు నా వైపు తిరిగాడు. “విన్నావా అక్కా?” అన్నాడు.

నేను ఆయన కొత్త ప్యాంటు అంచు మడిచి కుడుతున్నాను. పాతదానికి మడిచినంత మడిస్తే చాలడం లేదు, నేలమీద ఈడుస్తోంది. కిందటిసారీ ఇంతే. పొడుగు సరిగ్గా చూసివ్వడం రాదని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. పై అరలో డబ్బా కూడా ఈమధ్య నన్నే తీసిమ్మంటున్నారు. సూది చేతిలోనే ఆగిపోయింది.

“ఏమండీ, ఒకసారి ఈ గోడకి ఆనుకుని నిలబడండి.”

“ఇప్పుడా? పెళ్లిచూపులా ఏమన్నా?”

“నిలబడండి.”

తమ్ముడి జేబులోంచి టేపు తీసుకుని గోడమీద నాలుగున్నర అడుగులకు పెన్సిల్‌తో గీత గీశాను. ఆయన వచ్చి ఆనుకున్నారు. గీత గుండీకి నాలుగు వేళ్ల పైన ఉంది.

“సరిగ్గా నిలబడలేదు, ఆగు.” పళ్లు బిగపట్టి నడుం నిటారుగా లేపారు. గుండీ గీతను అందుకోలేదు. మళ్లీ లేపారు.

“చాల్లే బావా,” అన్నాడు తమ్ముడు.

ఆయన గుండీని తడుముకున్నారు. “కొలత కిందకి జారితే చెట్టు లావు,” అన్నారు. “లేని కలప నేనే రాశానురా.”

మర్నాడు తెల్లారగానే ఆఫీసుకెళ్లి అందరి ముందూ అదే చెప్పారు. తమ్ముడి పని నిలిచింది. ఇప్పుడు కొలిచేవాళ్లందరి చేతిలోనూ కర్ర ఉండాల్సిందే. అంచనా, డిపోలో దిగేదీ మళ్లీ దగ్గరకొచ్చాయని చెప్పారు. వెన్నుపూసలు కుంగిపోతున్నాయి, ఇక అడవి మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆఫీసులో ఆయనకొక కుర్చీ ఇచ్చారు.

గోడమీద గీత తుడవబోతే ఆయన వద్దన్నారు. “కొలత చెరపకూడదు.”

తమ్ముడు సాయంత్రాలు వస్తుంటాడు. గదిలో ఎన్ని కుర్చీలున్నా ఆ గోడ దగ్గరికే వెళ్లి, గీత ఆయనకు కనబడకుండా వీపు ఆనించి, నిలబడే కబుర్లు చెబుతాడు.

“కూర్చోరా,” అంటారు ఆయన.

“పర్లేదు బావా,” అంటాడు.