కంచె బయట ఓనరమ్మ

బండి ఆర్డిత్ కెసిల్‌ది. ఎంట్రీలో ఉన్న పేరు ఆమెది, టైర్ల దగ్గర్నుంచి మెకానిక్ జీతం దాకా ఖర్చు ఆమెది, ఇండియానా నుంచి ఫీనిక్స్ దాకా ఆ రేసు బండిని ట్రెయిలర్ మీద లాక్కొచ్చిన ట్రక్కు నడిపిందీ ఆమే. కానీ సంత మైదానం గేటు రాగానే ట్రక్కు దిగి, తాళాలు మెకానిక్ ఓరిన్ చేతిలో పెట్టి, పక్కకి తప్పుకోవాలి. బళ్ళు సరిచేసుకునే పిట్‌లోకి ఆడవాళ్ళు రాకూడదు. ఆ రూలు ఎవరు పెట్టారయ్యా అంటే, ఎప్పుడూ ఉన్నదే కదా అంటారు. కుక్కలు మాత్రం రావచ్చు. ఒక డ్రైవరుగారి కుక్క ఈ సీజనంతా పిట్‌లోనే తిరిగింది, దాని ఫొటో పేపర్లో కూడా వేశారు.

"ఇక్కడిదాకానేనమ్మా" అన్నాడు గేటు దగ్గర కాపలా ముసలాయన హోబర్ట్, టోపీ తీసి మరీ.

"తెలుసులే. మే నెల నుంచీ ఊళ్ళు మారుతున్నాయి గానీ ఈ పాట మారలేదు."

"నాదేముందమ్మా, చెప్పింది చేసేవాణ్ణి."

అందరూ చెప్పింది చేసేవాళ్ళే. చెప్పేవాడు మాత్రం ఎప్పుడూ కనబడడు.

ఆ బండిని ఆమె మొగుడు రాస్కో ఇంటి వెనక షెడ్డులో కట్టాడు. ఫ్రేము వెల్డింగు చేస్తుంటే పట్టుకున్నది ఆర్డితే. రాస్కో గుండె ఆగి పోయాక, అమ్మెయ్యమని చెప్పని మనిషి లేడు. ఆమె అమ్మలేదు. డ్రైవరుగా లైల్ ట్రామెల్‌ని పెట్టుకుంది. మేలో ఇండియానాపోలిస్‌లో మొదలుపెట్టి, వేసవంతా ఊరూరా మట్టి ట్రాకుల మీద పరుగెత్తించి, డబ్బున్న టీముల్ని ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ సీజను చివరి రేసు దాకా వచ్చారు. ఈ రోజు లైల్ మొదటి అయిదుగురిలో ఉంటే చాలు. ఆ ఏడాది జాతీయ ఛాంపియన్ అతనే, గెలిచిన బండి రాస్కో కట్టిన బండే.

లోపలికి రానివ్వకపోవడం వల్ల ఆర్డిత్‌కి ఒక అలవాటు అబ్బింది. ప్రతి ఊళ్ళోనూ మూడో మలుపు దగ్గర కంచెకి ఆనుకుని నిలబడేది. పిట్‌లో ఉన్నవాళ్ళకి బండి తిన్నగా దూసుకెళ్ళేటప్పుడే కనిపిస్తుంది. అక్కడ ఏ బండైనా బాగానే ఉంటుంది. దాని అసలు గుణం బయటపడేది మలుపులో, అడ్డంగా జారుతూ మట్టి ఎగజిమ్మేటప్పుడు. ప్రాక్టీసు అయ్యాక ఓరిన్ కంచె దగ్గరికి వచ్చేవాడు. వెనక ఎత్తు తగ్గించమనో, కుడి టైరులో గాలి తియ్యమనో ఆమె చెప్పేది. ఓరిన్ వెళ్ళి అలాగే చేసేవాడు. ఓరిన్ చెయ్యి మంత్రపు చెయ్యి అని రేసు లోకమంతా చెప్పుకునేది. కాదని అతను రెండు మూడు సార్లు చెప్పి చూశాడు గానీ, జోకు అనుకుని నవ్వారు.

రేసు మొదలైంది. లైల్ మూడో స్థానంలో స్థిరంగా వెళ్తున్నాడు. ఆర్డిత్ వెనకాల గడ్డి మీద ఒక రైతు కుటుంబం దుప్పటి పరుచుకుని, వేయించిన కోడి ముక్కలు తింటూ చూస్తోంది. వాళ్ళకి అదే మొదటి రేసు.

"మీవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అందులో?" అని అడిగింది రైతు భార్య.

"బండి నాదే."

"మీ ఆయనదా?"

"నాది."

"ఓహో" అంది ఆవిడ, ఏమీ అర్థం కాక.

సగం రేసు దాటాక ఆర్డిత్ రెండు చేతులతో కంచె పట్టుకుంది. మలుపులోకి దిగుతున్నప్పుడు బండి వెనకభాగం చిన్నగా పక్కకి గెంతింది. గుంట అనుకుంది. తర్వాతి చుట్టులోనూ గెంతింది, ఇంకాస్త ఎక్కువగా. ఆ తర్వాత చుట్టులో అయితే కుడి చక్రం వెనక్కి పోయి మళ్ళీ ముందుకి వచ్చినట్టు స్పష్టంగా కనబడింది. వెనక ఇరుసుని పట్టి ఉంచే ఉక్కు కడ్డీ వదిలేస్తోంది. అది పూర్తిగా ఊడితే ఇరుసు తిరుగుతుంది, చక్రం ముడుచుకుంటుంది, బండి పల్టీలు కొడుతుంది. ఆ బళ్ళకి పైన కప్పుండదు. పల్టీ కొట్టిన బండిలోంచి లేచి నడిచొచ్చినవాళ్ళని ఆమె పెద్దగా చూడలేదు.

గేటు దగ్గరికి పరుగెత్తింది.

"హోబర్ట్, ఓరిన్‌ని పిలువు. లైల్‌ని లోపలికి రప్పించమను. వెనక కడ్డీ పోతోంది."

"రేసు జరిగేటప్పుడు పిలవకూడదమ్మా."

"పోనీ నన్ను వెళ్ళనీ. చెప్పి వచ్చేస్తాను."

"అది అసలే కుదరదు."

"పోనీ నువ్వెళ్ళి చెప్పు. లేదా మీ పెద్దమనిషికి చెప్పు."

మైదానం పెద్దమనిషి విట్లాక్ గేటుకి అవతల, కేకేస్తే వినబడే దూరంలోనే ఉన్నాడు. హోబర్ట్ వెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. విట్లాక్ ఇటు తిరిగి ఆర్డిత్‌ని చూసి, చంటిపిల్లని ఊరుకోబెట్టినట్టు అరచెయ్యి కిందకి ఊపాడు.

"ఆడవాళ్ళు కంగారుపడితే రేసులు ఆపుకోలేమన్నారమ్మా" అన్నాడు తిరిగొచ్చిన హోబర్ట్, నేల చూస్తూ.

ఆర్డిత్‌కి ఒళ్ళు మండిపోయింది. లోపల ఒక మనిషి చావుకి దగ్గరవుతున్నాడు. ఆ సంగతి తెలిసింది తనొక్కదానికే. తెలిసినా చెప్పే వీల్లేదు, ఎందుకంటే ఆ తెలిసిన మనిషి వేసుకున్నది గౌను. మళ్ళీ మూడో మలుపుకి పరుగెత్తుకొచ్చింది. చెయ్యి ఊపితే లైల్ చూడడు. కంచె పొడుగునా వేలమంది ఊపుతున్నారు. ఏం చేస్తే చూస్తాడు?

అప్పుడు రైతు భార్య కింద పరిచిన దుప్పటి కనబడింది. చిలకపచ్చ రంగు.

రేసు మనుషులకి ఆకుపచ్చ అంటే అపశకునం, పాము మీద కాలు పడ్డట్టే. ఆ రంగు బండి తోలరు, ఆ రంగు చొక్కా వేసుకోరు. లైల్ అయితే పళ్ళెంలో బఠాణీలు వడ్డించారని హోటలు నుంచి లేచి వెళ్ళిపోయిన మనిషి. రేసు మొదలెట్టే జెండా పచ్చదే కదా అంటే, దానికి దోషం లేదట.

"అమ్మా, క్షమించు" అంటూ ఆర్డిత్ దుప్పటి లాగేసింది. కోడి ముక్కలు గడ్డిలో దొర్లాయి. రైతు అరిచేలోపే ఆమె కంచె ఎక్కి, బండి మలుపులోకి వస్తుండగా దుప్పటిని తల మీదుగా అటూ ఇటూ విసిరింది.

లైల్ చూశాడు. తల అటు తిరగడం ఆమెకి కనబడింది. ఇంజను హోరు ఒక్కసారిగా తగ్గింది. వెనకవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దాటిపోతుంటే, బండి ట్రాకు లోపలి అంచుకి దిగి, మెల్లగా పిట్ వైపు పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఛాంపియన్‌షిప్ పోయింది. ఆర్డిత్ కంచె దిగి గడ్డిలో కూర్చుంది. దుప్పటి తిరిగివ్వబోతే రైతు భార్య తీసుకోలేదు.

"ఉంచుకోండి" అంది. "అతను మీ అబ్బాయా?"

"కాదు. నా డ్రైవరు."

రేసు ముగిసి, వేరే ఎవరికో కప్పు ఇచ్చాక, నలుగురు గేటు దగ్గరికి వచ్చారు. ఓరిన్, లైల్, విట్లాక్, ఒక పేపరు మనిషి. ఓరిన్ చేతిలో ఆ కడ్డీ ఉంది, రెండు ముక్కలుగా.

"విప్పుతుంటే చేతిలోకి ఊడొచ్చిందమ్మా" అన్నాడు ఓరిన్. "ఇంకో రెండు మలుపులు ఆగేది కాదు."

ఆర్డిత్ లైల్ వంక చూసింది. దణ్ణాలేమీ పెట్టక్కర్లేదు. ఒక్క మాట అంటే చాలనుకుంది.

"మీరు ఆ పచ్చ గుడ్డ ఊపబట్టే అది విరిగింది" అన్నాడు లైల్.

ఆమె తను విన్నది నిజమేనా అన్నట్టు చూసింది.

"అప్పటిదాకా బండి గుర్రంలా పోతోంది" అన్నాడు లైల్, పేపరు మనిషికేసి తిరిగి. "ఆ రంగు చూశాను, చెయ్యి వణికింది, అంతే. ఏడాది కష్టం గంగలో కలిపేసింది."

"నేను విరగడం ముందే చూశాను లైల్. అందుకే ఊపాను."

"ఊపారు, విరిగింది. రెండూ జరిగాయిగా."

"వచ్చే ఏడు మిమ్మల్ని కంచె దగ్గర కూడా నిలబడనివ్వం కెసిల్ గారూ" అన్నాడు విట్లాక్. "ఆడవాళ్ళని ఎందుకు రానివ్వమో ఇప్పుడు మీకే తెలిసింది కదా."

పేపరు మనిషి రాసుకుంటున్నాడు. ఓరిన్ విరిగిన ముక్కలు అతని ముక్కు కింద పెట్టి, "ఇది ఒక్క క్షణంలో విరిగింది కాదయ్యా, పాత పగులు, చూడు" అంటున్నాడు. అతను చూడలేదు. ఓడిపోయిన డ్రైవరూ, పచ్చ దుప్పటీ ఉంటే అతనికి చాలు, ఉక్కు ముక్కలెందుకు?

ఆర్డిత్‌కి ఏడుపు రాలేదు. మే నెల నుంచీ, కాదు, రాస్కో పోయినప్పటి నుంచీ మింగుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"సరే, నేనే విరిచాను" అంది. "కంచె బయట నిలబడి, గుడ్డ ఊపి, ఇంత లావు ఉక్కుని విరిచాను. మరి అంతటిదాన్ని ఆపడానికి ఈ ముసలాయన్నీ, ఈ ఇనప తీగ గేటునీ పెట్టారా?"

దుప్పటిని భుజాన వేసుకుని గేటులోకి నడిచింది.

హోబర్ట్ చెయ్యి అడ్డం పెట్టబోయి, చిలకపచ్చ గుడ్డ తన మోచేతికి తగిలేలా ఉందని చూసి, గభాలున వెనక్కి లాక్కున్నాడు. విట్లాక్ ఒక అడుగు వెనక్కేశాడు. లైల్ రెండు అడుగులు వేశాడు. పిట్‌లో పనిముట్లు సర్దుకుంటున్న మగవాళ్ళు ఒక్కొక్కరూ తలెత్తి, ఆమెని చూసి, దుప్పటిని చూసి, తమ బళ్ళకి అడ్డంగా నిలబడ్డారు. ఎవడూ ఆమెని ఆపలేదు.

ఆమె బండి చివర్న ఉంది. ఇంజను మూత ఇంకా వేడిగా ఉంది. దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. మొగుడు కట్టిన బండిని రేసు రోజున ఆమె ముట్టుకోవడం అదే మొదలు.

"తియ్యండి దాన్ని అక్కణ్ణుంచి" అన్నాడు లైల్ దూరం నుంచే. "నా హెల్మెట్టు సీట్లో ఉంది."

"వచ్చి తీసుకో" అంది ఆర్డిత్. దుప్పటి విప్పి, ముక్కు దగ్గర్నుంచి తోక దాకా బండి మొత్తం మీద పరిచి, అంచులు చక్రాల కిందకి దోపింది.

లైల్ రాలేదు.