వలిసె చేలో పసుపు గౌను

అనకాపల్లి నుంచి కారేసుకుని వచ్చిన ఉమామహేశ్వరి తెలివే తెలివి! పసుపుపచ్చని వలిసె పూల మధ్య ఫోటో అదిరిపోవాలని అయిదేళ్ల కూతురు భానుకి గౌను, రిబ్బను, చివరికి జోళ్లు కూడా పసుపువే తొడిగింది. తీసిన ఫోటోలు ఫోనులో చూసుకుని తలెత్తేసరికి పిల్ల లేదు. ఎకరన్నర చేను, పూలేమో పిల్లకంటే జానెడు ఎత్తు.

"భానూ!" అన్న కేక మంచె మీది సోములమ్మకి వినిపించింది. పక్కనున్న తన జొన్నచేలో చిలకలు తోలుతోందామె; వలిసె చేనూ తనదే. తిరిగి చూస్తే ఏముంది, ఫోటోలకొచ్చిన జనమంతా వలిసెలోకి దిగి తలోదిక్కూ తొక్కేస్తున్నారు. వాళ్లలో సగంమందివి పసుపు చీరలే. ఎటు చూసినా పసుపే, ఎటు చూసినా కదలికే. చేను చివర గెడ్డ నిండుగా పారుతోంది. అది తలుచుకోగానే సోములమ్మ మంచె మీద లేచి నిలబడింది.

"ఓలమ్మా, ఆగండి! ఎక్కడోళ్లు అక్కడే నిలబడండి. నోళ్లు మూయండి!"

"నా పిల్ల కనబడక నేను చస్తుంటే నోరు మూయమంటావేంటి?" అంది ఉమామహేశ్వరి ఏడుస్తూ.

"మనం అరిసేకొద్దీ సిలక దాక్కుంటాది తల్లీ. సప్పుడాపితే కదులుతాది. నీకు దండం పెడతాను, ఆగు!"

అందరూ ఆగారు. సోములమ్మ పసుపు కోసం వెతకలేదు. అలా వెతికితే కళ్లు జిగేల్మనడం తప్ప దొరికేదేముంది? గాలికి చేనంతా ఒకవైపే వంగుతుంది. చిలక వాలిన కంకి మాత్రం తన ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది. ఆ ఊపు కోసం చూసింది. ఎంతకీ కనబడదే! ఉమామహేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుంది.

గెడ్డ గట్టు దగ్గర నాలుగు మొక్కలు గాలికి ఎదురు వంగాయి.

"అదిగో నీ గుంటపిల్ల! నీ ఎడం పక్కనే, నాలుగు బారలు. బేగెల్లు!"

ఉమామహేశ్వరి ఒక్క ఉరుకున వెళ్లి పిల్లని పట్టుకుంది. "ఎందుకే పలకలేదు?"

"దాగుడుమూతలు కదా! నువ్వు వెతుకుతున్నావని ఇంకా లోపలికి పోయాను." భాను అమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. "తర్వాత ఎవరూ పిలవలేదు. నన్ను వదిలేసి వెళ్లిపోయావనుకున్నానమ్మా."

ఉమామహేశ్వరి కూతుర్ని వాటేసుకుని గట్టు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

చేను తొక్కినందుకు అందరినీ నాలుగు తిట్టాలని మంచె దిగిన సోములమ్మ, ఆ తల్లీపిల్లల్ని చూసి ఆగిపోయింది. "దొరికింది, సాలు," అంటూ తనూ ఆ నలిగిన పూలలోనే చతికిలబడింది.