మూరెడు కొవ్వొత్తి

ఆ ఆదివారం లోపల నేను చెయ్యాల్సిన పనులు ఇవి.

ఉయ్యూరు వెళ్ళి మా అత్త మూరకి సరిగ్గా సరిపడే కొవ్వొత్తి తేవాలి. దాన్ని వీపుకి కట్టుకోవడానికి పాత తువ్వాలుతో సంచీ కుట్టించాలి. పరుగుకోసం స్నేహితుడు తిరుపతిరావు ఇచ్చిన కాన్వాసు బూట్లు తిరిగి ఇచ్చెయ్యాలి. శనివారం మధ్యాహ్నం బస్సులో అత్తనీ, తోడుగా మా చెల్లెలు మార్తనీ గుణదల పంపాలి. అక్కడ మాణిక్యం పెద్దమ్మ ఇంట్లో కింది గదే అడగాలి, అత్త మెట్లెక్కలేదు. పరుగెత్తితే మొక్కు చెల్లుతుందా అని ఫాదరుగారిని కనుక్కోవాలి. అన్నిటికన్నా ముందు అత్తని ఒప్పించాలి.

మాది కంకిపాడుని ఆనుకుని ఉన్న ఊరు. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. నేను బి.ఏ. ఆఖరి పరీక్షలు రాస్తున్నప్పుడు, మా మేనత్త అమలమ్మ చెరుకు కొడుతూ కొడుతూ కత్తి పక్కన పెట్టి, ఆ చేలోనే మోకరించి గుణదల మాతకి మొక్కుకుందట. "తల్లీ, మా కృపానందం గట్టెక్కితే మా ఊరినుంచి నీ కొండదాకా వట్టికాళ్ళతో వస్తాను. దారిలో ఎక్కడా కూర్చోను. నా మూరెడు కొవ్వొత్తి తెస్తాను. దాన్ని నేల తగలనివ్వను."

నేను పాసయ్యాను. ఆ ఏడే అత్త ఎడమకాలిని బోదకాలు పట్టుకుంది. మొదటి తిరనాళ్ళకి బయల్దేరి కాలవ వంతెన మీద కూలబడింది. రెండో ఏడు వంతెన దాకా కూడా పోలేకపోయింది. ఇక అప్పటినుంచి కాలు పొంగి జ్వరం వచ్చినప్పుడల్లా "వస్తున్నా తల్లీ, వస్తున్నా" అని కలవరించేది. నా పాసు ఆవిడకి బరువైపోయిందే అని నాకు ఉండేది. మొక్కు తీరకుండా పోతానేమోనని ఆవిడ భయం. మాకెవ్వరికీ ఆ మాట పైకి అనే ధైర్యం లేదు.

వేలమందిని మింగిన దివిసీమ తుపాను తరవాత వచ్చిన ఫిబ్రవరిలో, బెజవాడ కుర్రాళ్ళ క్లబ్బు ఒకటి తిరనాళ్ళకి ముందు ఆదివారం పరుగుపందెం పెట్టింది. కంకిపాడు సెంటర్లో మొదలు. బందరు రోడ్డు పట్టుకుని బెజవాడలోకి పోయి, బ్యారేజి దగ్గర మళ్ళి, ఏలూరు రోడ్డు మీదుగా గుణదల కొండ కింద ఆఖరు. పదమూడు మైళ్ళ చిల్లర.

"దీన్ని సగం మారథాన్ అంటారత్తా" అన్నాడు తిరుపతిరావు. వాళ్ళు మా ఊళ్ళో రైతులు. వాడు కాలేజీలో నా జతగాడు. తెల్లవారుజామున కాలవగట్టు మీద నాకు పరుగు నేర్పినవాడూ వాడే.

"సగమేంట్రా? మిగతా సగం ఎవరు పరిగెత్తుతారు?" అంది అత్త. మంచమ్మీద కాలు చాపుకుని వేణ్ణీళ్ళ గుడ్డ వేసుకుంటోంది.

"నీ బదులు నేను వెళ్తానత్తా" అన్నాను. "వట్టికాళ్ళతోనే. కూర్చోకుండానే. కొవ్వొత్తి నేల తగలకుండానే."

"పరిగెత్తితే అది పందెం అవుద్ది గానీ మొక్కెందుకవుద్దిరా? మొక్కంటే వంగి రావాల. పందెమంటే రొమ్ము విరుచుకు పోవాల. ఆళ్ళు కప్పిస్తే పుచ్చుకోవా నువ్వు?"



"మీవాడికి కప్పెవడిస్తాడత్తా!" అన్నాడు తిరుపతిరావు. "చెరుకుబండి ఎడ్లు కూడా వీణ్ణి దాటిపోతాయి."

అత్త నవ్వింది. అయినా ఒప్పుకోలేదు. ఫాదరుగారిని అడిగితే, "మొక్కుకున్నది ఆమె. ఆమె మనసు చెల్లిందంటే చెల్లినట్టే" అని నన్ను మళ్ళీ అత్త దగ్గరికే పంపారు. ఆ మాట చెబితే ఆవిడ తన కాలి వంక చూసుకుంది.

"సరే పో. కానీ నా కాళ్ళతో పరిగెత్తు. నీ కాళ్ళతో పరిగెత్తావో, ఆ కొవ్వొత్తి నేను ముట్టుకోను."

"నీకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిలే."

ఆదివారం పొద్దున కంకిపాడు సెంటర్లో మంచు పట్టి ఉంది. మనుషులు నడుముదాకానే కనిపిస్తున్నారు. తిరుపతిరావు నా వీపు వైపు చూసి, "దారిలో కరెంటు పోతుందనా?" అన్నాడు. ఈల ఊదారు. అందరం మంచులోకి దూకాం.

మొదట్లో ఒళ్ళు తేలిపోయింది. ఉయ్యూరు వైపునుంచి చెరుకురసం కాగుతున్న వాసన వెనకాలే వస్తోంది, మమ్మల్ని తోస్తున్నట్టు. రోడ్డు కనబడటం లేదు, పాదాలకే తెలుస్తోంది. ఒక్కొక్కణ్ణి దాటుతున్నాను. తిరుపతిరావుని కూడా దాటాను. రొమ్ము దానంతటదే విరుచుకుంది. ఈ పరుగు నాదే అనిపించింది. అనిపించగానే వీపు మీద కొవ్వొత్తి గట్టిగా గుచ్చుకుంది.

మంచు పలచబడేసరికి యాత్రికులు కనిపించారు. నెత్తిన మూటలు, చంకన బిడ్డలు, పాట పాడుకుంటూ రోడ్డు వారన గుణదలకి నడుస్తున్నారు. వాళ్ళు నా వట్టికాళ్ళు చూశారు. తువ్వాల్లోంచి బయటికొచ్చిన కొవ్వొత్తి చూశారు. పందెం సంగతి వాళ్ళకేం తెలుసు?

"మొక్కు! పరుగు మొక్కు! దారియ్యండి!"

ఒక ముసలాయన చెంబుతో నా పాదాల మీద నీళ్ళు పోశాడు. ఒకామె నా పక్కనే తనూ పరిగెడుతూ, "ఆగమాక బాబూ, మొక్కు ఆగగూడదు, ఇది కూడా తల్లికియ్యి" అంటూ కొవ్వొత్తి నా చేతిలో పెట్టింది. ఒకరు ఇచ్చాక ఇంకొకరు. మా అబ్బాయి జ్వరానికి, మా కోడలి పురుటికి అంటూ. కాసేపటికి రెండు చేతులూ నిండిపోయాయి. చేతులు ఊపకుండా పరిగెత్తడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వెనకవాళ్ళు ఒక్కొక్కళ్ళే నన్ను దాటిపోయారు. తిరుపతిరావు దాటుతూ, "ఒరేయ్, అవి ఏ అరుగు మీదైనా పెట్టేసి రారా! ముందున్నావురా నువ్వు!" అని అరిచాడు.

నేల తగలనివ్వనని కదా అత్త మొక్కు. అది మూరెడు కొవ్వొత్తి ఒక్కదానికే అని ఎలా అనుకోను?

పెనమలూరు దాటాక ఒక పెద్దావిడ ఒంటరిగా నడుస్తోంది. నెత్తిన మూట లేదు, చేత సంచీ లేదు. నన్ను చూసి కొంగుముడి విప్పింది. అందులో సన్నని కొవ్వొత్తుల కట్ట ఉంది.

"నాయనా, నేను చేరేసరికి పొద్దుగూకుద్ది. పూజకి ఇయ్యి అందించు. దివిసీమనుంచి వస్తన్నాను. ఇయ్యి మావోళ్ళయి."

ఆ కట్ట ఎంత లావుందో చూశాక పరిగెత్తలేకపోయాను. ఆవిడ పక్కన నడిచాను.

"పేర్లు చెప్పమ్మా, ఫాదరుగారికి చెబుతాను."

"ఆళ్ళ పేర్లు తల్లికి తెలుసులే."

"మరి నీ పేరు?"

"శౌరమ్మ" అంది. అని, కట్ట నా చంకలో ఇరికించి, నా భుజం మెల్లగా ముందుకు తోసింది. "పో నాయనా. ఆగమాక."

ఆ తరవాత దారి నాకు కలలో జరిగినట్టే గుర్తు. బెజవాడ నిద్ర లేస్తోంది. హోటళ్ళముందు కాఫీ వాసన, కడిగిన మెట్లు, రిక్షాలో కాళ్ళు ముడుచుకుని పడుకున్న మనిషి. బ్యారేజి దగ్గర కృష్ణ ఇసకమేటల మధ్య సన్నగా మెరుస్తోంది. అక్కడ మళ్ళేసరికి నా ఎడమకాలు బరువెక్కింది. నొప్పి కాదది. ఆ కాలు నాకంటే పెద్దదైపోయినట్టు. దాన్ని ఎత్తి, ముందుకేసి, మళ్ళీ ఎత్తి. ఈ నడక నాకు తెలుసు. మా వాకిట్లో రోజూ వినే నడకే. రోడ్డు చెరుకుచేను చాలులా మెత్తగా తగిలింది. పక్కన ఎవరో కత్తి భుజాన వేసుకుని నాతో సమంగా వస్తున్నారు. తల తిప్పలేదు. తిప్పితే ఉండదని తెలుసు. ఎండ వీపు మీద పడింది. వీపు మీద కొవ్వొత్తి గుచ్చుకోవడం మానేసింది.

గుణదల చేరేసరికి బ్యానరు చుట్టేస్తున్నారు. క్లబ్బువాళ్ళు సోడాలు తాగుతున్నారు. తిరుపతిరావు బట్టలు కూడా మార్చుకున్నాడు.

"పందేనికొచ్చావా, కొవ్వొత్తుల కొట్టు పెట్టావా?" అంటూనే ఎదురొచ్చి చేతులు చాచాడు. నేనివ్వలేదు. వాడు పక్కన నడిచాడు.

కొండ కింద బల్లమీద అత్త కూర్చుని ఉంది. మార్త నా వీపున సంచీ విప్పి, "అయ్యో అన్నయ్యా!" అంది. ఎండకీ, నా ఒంటి వేడికీ మైనం మెత్తబడి, మూరెడు కొవ్వొత్తి నా వెన్ను వంపు ప్రకారం వంగిపోయింది. ఇంత దూరం తెచ్చి పాడుచేశానే అనుకున్నాను. మార్త దాన్ని సరిచెయ్యబోయింది.

"ఉండనియ్యే" అంది అత్త. చేతిలోకి మాత్రం తీసుకోలేదు. నా వంక చూసింది. "ఎన్నోవాడివిరా?"

"ఆఖరివాణ్ణత్తా."

"మొదట్నుంచీ ఆఖరేనా?"

"లేదత్తా!" అన్నాడు తిరుపతిరావు. "మొదట్లో నన్నే దాటాడు. అందరి కొవ్వొత్తులూ నెత్తినేసుకుని చెడ్డాడు. పెనమలూరు దగ్గర ఎవరో ముసలావిడతో కబుర్లు చెప్పుకుంటూ నడిచాడంట కూడాను!"

అత్త నా ఎడమకాలి వంక చూసింది. అది దుమ్ము కొట్టుకుని, వాచి ఉంది. వంగి, తన అరచేత్తో దాని మీద దుమ్ము తుడిచింది.

"ఇట్టా తే" అంది. కొవ్వొత్తిని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఆ వంపు పొడుగునా వేళ్ళు పోనిచ్చింది. "నేను ఎట్టా రావాలో అట్టాగే వంగి వచ్చింది. చెల్లిందిరా కృపా. మిగతా సగం నేనే పరిగెత్తాన్లే."

వంగిన కొవ్వొత్తి కొండ కింద దీపాల దగ్గర నిలబడలేదు. అప్పుడు అత్త శౌరమ్మ కట్ట విప్పి, ఆ సన్నని కొవ్వొత్తుల్ని దాని చుట్టూ ఒక్కొక్కటే నిలబెట్టించింది. వాటిమీద ఆనుకుని అది నిలిచింది. అన్నీ కలిసి వెలిగాయి. అత్త ఆ బల్లమీదే నా భుజాన తల వాల్చి నిద్రపోయింది. కలవరింత లేదు.

కొవ్వొత్తులు వెలిగించానని చెబుదామని నేను సాయంత్రందాకా దారి చూశాను. జనం వస్తూనే ఉన్నారు. ఆ జనంలో శౌరమ్మ నాకు కనిపించలేదు.

అత్త మొక్కు తీరింది. అత్తని తలుచుకోవడానికి నేనున్నాను, మార్త ఉంది, తిరుపతిరావున్నాడు. శౌరమ్మకి అలా ఎవరైనా మిగిలారో లేదో నాకు తెలీదు. మీరు ఎప్పుడైనా గుణదల వెళ్తే, మీదే మతమైనా సరే, ఆ దీపాల ముందు ఒక్క క్షణం ఆగండి. దివినుంచి నడిచొచ్చిన శౌరమ్మనీ, ఆవిడ చెప్పని ఆ పేర్లనీ దయచేసి తలుచుకోండి.