సెత్ వెనక అద్దం

మా లోయలో తిరిగే లేలాండ్ టైగర్ బస్సులో డ్రైవరుది వేరే గది. ఇంజను పక్కన ఒక్క మనిషి మాత్రమే పట్టే చోటు. దానికి తలుపు బయటివైపే. మాకూ డ్రైవరు సెత్‌కీ మధ్య తెరుచుకోని ఓ అద్దం. కండక్టరు ఎనిడ్ ఏం చెప్పాలన్నా గంట కొట్టాల్సిందే. ఒక గంటకు ఆగాలి, రెండు గంటలకు కదలాలి.

పందొమ్మిది వందల యాభై రెండులో, సంత రోజు పొద్దున, బస్సు కొండ దిగుతోంది. చర్చి దగ్గర దిగాల్సిన ముసలామె కోసం ఎనిడ్ గంట కొట్టింది. బస్సు ఆగలేదు. మళ్ళీ కొట్టింది.

"ఏమ్మా, మన సెత్ చెవులు ఇంట్లో పెట్టి వచ్చాడా?" అన్నాడు గొర్రెల వ్యాపారి ఆమోస్. అందరం నవ్వాం.

ఎనిడ్ అద్దంలోంచి చూసి అరిచింది. సెత్ స్టీరింగు మీదికి ఒరిగిపోయి ఉన్నాడు.

బస్సు రాతిగోడను ఒరుసుకుంటూ పోతోంది. కింద ఇరుకు వంతెన, దాని కింద ఏరు. ఎనిడ్ మెడలోని టికెట్ల మిషను తీసి అద్దాన్ని బాదింది. అద్దం పగిలింది.

"నా కాళ్ళు పట్టుకోండి!"

ఆమోస్ ఒకటి, నేనొకటి పట్టుకున్నాం. నడుం దాకా అవతలికి దూరింది. ఒక చేత్తో సెత్‌ను పక్కకు నెట్టి, రెండో చేత్తో స్టీరింగు పట్టుకుంది.

"చేతి బ్రేకు అందట్లేదు! ఇంకా తొయ్యండి!"

"తోస్తే పడిపోతావే పిల్లా!"

"పడితే పడతాను, నువ్వు తొయ్యవయ్యా!"

తోశాం. వంతెన గోడ మీదికి వచ్చేస్తోంది. ఎవరివో గుడ్ల బుట్టలు దొర్లిపోయాయి. బ్రేకు అందగానే ఎనిడ్ గట్టిగా లాగింది. బస్సు కీచుమంటూ వంకరగా తిరిగి, ముందు చక్రం రోడ్డు పక్క కాలవలోకి దిగి ఆగింది.

పరుగున వెళ్ళి బయటి తలుపు తీశాం. సెత్ మొహం బూడిదలా ఉంది. ఊపిరి ఉంది.

"గంట వినపడింది... చెయ్యే కదల్లేదు," అన్నాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకు? నోరు మూసుకో!" అని కసిరింది ఎనిడ్. మోచేతుల నుంచి నెత్తురు కారుతోంది. అప్పుడు ఏడ్చింది.

సెత్ బతికాడు గానీ మళ్ళీ బస్సు నడపలేదు. ఆ మరుసటేడు కొత్త రకం బస్సు వచ్చింది. ఇంజను నేల కింద, డ్రైవరు మా మధ్యనే, అడ్డంగా అద్దం లేదు. సెత్ రోజూ ఎక్కి మొదటి సీట్లో కూర్చుని, గేరెప్పుడు మార్చాలో చెప్పేవాడు.

వారం తిరక్కుండానే కొత్త డ్రైవరు ఎనిడ్‌ని బతిమాలాడు: "తల్లీ, ఈ పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టవా?"

"నువ్వే అడుగు," అంది ఎనిడ్. "నీ పక్కనేగా ఉన్నాడు."