యాభై నాలుగు అంగుళాల స్టిక్

తుని మెయిన్ రోడ్డులో ఒక పాత మేడ మీద, మెట్లెక్కగానే ఎడమవైపు శ్రీదుర్గ టైలరింగ్ షాపు, కుడివైపు సుధాకర్ స్నూకర్ పార్లరు. రెండింటికీ మధ్య ఒక్కటే గోడ. ఏడేళ్లుగా శ్రీదుర్గ గోడకు ఇవతల కూర్చుని జాకెట్లు కుడుతూ, అవతల బంతులు టక్కుమని తగిలే చప్పుడు వింటూనే ఉంది. ఒక్కసారి కూడా లోపలికి తొంగి చూడలేదు. అది మగవాళ్ల చోటని ఆవిడకెవరూ చెప్పలేదు. తనే అనుకుంది.

కిందటి వానాకాలంలో సుధాకర్ వచ్చి, స్నూకర్ ఆడే బోర్డు మీద దుమ్ము పడకుండా కప్పే గుడ్డ చిరిగిపోయింది, కొత్తది కుట్టిపెట్టండక్కా అని అడిగాడు. కొలతలకని టేపు పట్టుకుని వెళ్లింది. పన్నెండడుగుల పొడవున ఎక్కడా ముడత లేకుండా బోర్డుకు పరిచిన పచ్చటి గుడ్డను చూసి, ఇది బిగించినవాళ్లెవరో గాని పని తెలిసినవాళ్లే అనుకుంది. అప్పుడక్కడ ఒక్కరే ఆడుకుంటున్నారు. ఆయన రాజరత్నం గారు. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారాలు లూథరన్ చర్చిలో సంఘపెద్ద, మిగతా రోజులు పది నుంచి పదకొండున్నర దాకా ఈ బోర్డు దగ్గర. కొలతలు తీసుకుంటూనే బంతులవైపు చూస్తున్న ఆవిడ చేతికి స్టిక్ ఇచ్చి, ఒక్క దెబ్బ కొట్టి చూడమన్నారు.

కొట్టింది. ఎర్రబంతి తిన్నగా వెళ్లి మూల పాకెట్లో పడింది.

అది అదృష్టమేనమ్మా అని రాజరత్నం గారు ఉన్నమాట చెప్పేశారు. అయినా ఆ రోజంతా శ్రీదుర్గ కళ్ల ముందు ఆ బంతే దొర్లింది. మర్నాడు పది దాటాక మిషను ఆపి, మళ్లీ వెళ్లింది. ఆ పూట పార్లరు ఎలాగూ ఖాళీయే. అలా రోజూ ఓ అరగంట అలవాటైపోయింది. రాజరత్నం గారు నిలబడటం నేర్పారు, ఎడమచేతి వేళ్లను బోర్డు మీద ఎలా ఆనించాలో నేర్పారు, కొట్టేశాక తల ఎత్తకూడదని రోజుకు పదిసార్లు చెప్పారు.

చిక్కల్లా స్టిక్కుతోనే. శ్రీదుర్గ అయిదడుగులు కూడా ఉండదు. పార్లరులో ఉన్నవన్నీ పొడుగు స్టిక్కులు, కొసలు అరిగిపోయినవి. ఒకరోజు ఆవిడ వంగి కొట్టబోతే వెనక కొస తగిలి రాజరత్నం గారి టీ ఫ్లాస్కు కింద పడింది. ఆయన ఫ్లాస్కు తీసి ఊపి చూసుకుని, పగల్లేదని తేల్చుకున్నాక చెప్పారు.

"నీ కొలతకి ఒకటి కొనుక్కోమ్మా. నేర్చుకోవడానికి ఖరీదైంది అక్కర్లేదు. నీ ఎత్తుకి సరిపోవాలి, కొస సన్నగా ఉండాలి, కర్ర తిన్నగా ఉండాలి. ఈ మూడే చూడు."

భోజనాలయ్యాక ఫోన్లో వెతికింది. అన్నీ ఒకేలా కనిపించాయి. సగం పూల్ అనే ఇంకో ఆటవట, కొసలు లావు. స్నూకర్‌కి తొమ్మిదిన్నర, పది మిల్లీమీటర్లుండాలని మాస్టారు చెప్పడంతో వాటిని పక్కన పెట్టేసింది. ఊళ్లో సగం మందికి కొలతలు తీసిన మనిషి, ఆ రోజు గోడకి ఆనుకుని తన ఎత్తుకి తనే టేపు పెట్టుకుంది. యాభై నాలుగు అంగుళాలకు మించితే లాభం లేదని తేలింది. ఆ సైజులో రెండు ముక్కలుగా వచ్చేది ఒకటి దొరికింది. ధర పదిహేను వందల లోపే. బాగుందని రాసినవాళ్ల మాటలు వదిలేసి, బాగాలేదన్నవాళ్లవి మాత్రం వరసగా చదివింది. కర్ర మంచిదేగాని దాంతో వచ్చే సంచి కుట్లు ఊడిపోతున్నాయని ముగ్గురు రాశారు. సంచి సంగతి తను చూసుకోగలదు. ఆర్డర్ పెట్టేసింది.

ఆ పార్సెలు విజయవాడ దాటి రాజమండ్రి వచ్చి, అక్కడ రెండు రోజులు కదల్లేదు. ఒక్కో జాకెట్టు పూర్తవగానే ఫోను చూసేది. నాలుగో రోజు అట్టపెట్టె వచ్చేసరికి, షాపులో హుక్సులు కుడుతున్న అత్తగారు మహాలక్ష్మమ్మ అదేంటని అడిగింది. శ్రీదుర్గ దాచలేదు. పక్కన ఆడే ఆట స్టిక్కని, తను నేర్చుకుంటున్నానని చెప్పింది. ఆ ఆట ఆడవాళ్లు ఆడతారా అని మహాలక్ష్మమ్మ అడిగితే, నేను ఆడుతున్నానండి అంది. పెద్దావిడ మళ్లీ హుక్కు మీదికి వంగింది.

మర్నాడు రాజరత్నం గారు రెండు ముక్కలూ బిగించి, స్టిక్కును బోర్డు మీద దొర్లించారు. అది సాఫీగా దొర్లలేదు. నడుమ దగ్గర లేచి పడుతూ వెళ్లింది. ఆయన మొహం చిన్నబోయింది. వంకరుందమ్మా, వారంలోపు వెనక్కి పంపొచ్చు కదా, పంపించెయ్ అన్నారు. కొనమన్నది తనే కావడంతో ఆయనకు మరీ బాధగా ఉంది.

కాని శ్రీదుర్గ పంపెయ్యడానికి మనసొప్పక, ముక్కలు విడదీసి ఒక్కొక్కటీ విడిగా దొర్లించింది. ముందు సగం చక్కగా దొర్లింది. వెనక సగమూ అంతే.

"మాస్టారూ, కర్ర బాగానే ఉందండి. అతుకు దగ్గరే ఏదో ఉంది."

కిటికీ వెలుతురుకి పట్టుకుని చూసింది. ఇత్తడి మర అడుగున, దారప్పోగంత సన్నటి ప్లాస్టిక్ కాగితం ముక్క చుట్టుకుని ఉంది. కొత్తగా వచ్చినప్పుడు చుట్టిన తొడుగుది. పవిట కొంగుకి గుచ్చుకున్న సూది తీసి, నెమ్మదిగా తిప్పుతూ మొత్తం లాగేసింది. మళ్లీ బిగిస్తే ఈసారి అతుకు గీత కూడా కనిపించలేదు. బోర్డు మీద దొర్లిస్తే చప్పుడు లేకుండా చివరిదాకా వెళ్లింది.

రాజరత్నం గారు చేతులు జోడించినంత పని చేశారు. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నా నాకు తట్టలేదమ్మా అంటూ, కొసని గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది, నీలం చాక్ రాసి ఇచ్చారు.

శ్రీదుర్గ వంగింది. వెనక కొస దేనికీ తగల్లేదు. గడ్డం సరిగ్గా కర్ర మీదికి వచ్చింది. మొదటి ఎర్రబంతి పడింది. నల్లది దగ్గర్లోనే ఉంది, అదీ పడింది. సుధాకర్ కౌంటరు వదిలి వచ్చి, ఆట పద్ధతి ప్రకారం నల్లబంతిని తీసి మళ్లీ దాని చోట పెట్టాడు. ఇంకో ఎర్రది పడింది. అంతవరకు ఆవిడ వరసగా మూడు వేసింది లేదు. ఎర్రదానికి ఒకటి చొప్పున, నల్లదానికి ఏడు, మొత్తం తొమ్మిది అని రాజరత్నం గారు, కూత వేసిన రైలుకి జెండా ఊపే మనిషంత గంభీరంగా ప్రకటించారు.

ఇప్పుడు గులాబీ బంతి. కొంచెం కష్టమైన కోణమే. శ్రీదుర్గ చుట్టూ తిరిగి చూసుకుంటుండగా మహాలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. షాపులో ఎవరో పెళ్లి జాకెట్ల కోసం వచ్చి కూర్చున్నారు, కోడల్ని పిలుద్దామని వచ్చింది. పిలవబోయి, అందరూ ఊపిరి బిగబట్టి ఉండటం చూసి, తనూ ఆగింది.

శ్రీదుర్గ కొట్టింది. గులాబీ బంతి పాకెట్టు అంచున తగిలి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, లోపలికి జారింది. తల ఎత్తకూడదన్న మాట మర్చిపోయి ఆవిడ గట్టిగా నవ్వేసింది.

మహాలక్ష్మమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చి, గోడ పక్కన ఉన్న బల్ల మీద చీర సర్దుకుని కూర్చుంది.

"ఇంకా ఎన్ని రంగులున్నాయే?" అని అడిగింది.

అయిదు నిమిషాలయ్యాక, షాపులో కాచుక్కూర్చున్న పెళ్లివారావిడ కూడా వీళ్లను వెతుక్కుంటూ వచ్చి, ఎవరు గెలుస్తున్నారండీ అని మెల్లిగా అడిగి మహాలక్ష్మమ్మ పక్కనే చోటు చేసుకుంది.